చల్లటి మోకాలు

సిరంజిలోకి మొదట పసుపుపచ్చటి నీరు వచ్చింది, ఆ తర్వాత దాంట్లో ఎర్రటి జీర కలిసింది. జట్టు డాక్టరు దాన్ని వెలుతురుకెత్తి చూసి, "పోయిన వారం కంటే తక్కువే" అన్నాడు, అదేదో శుభవార్త అయినట్టు. నీటిని స్టీలు పళ్లెంలోకి వదిలాడు. ఇవాళ అంతకు ముందు సిరంజితో తీసింది కూడా అందులోనే ఉంది. మొత్తం కలిపితే టీ గ్లాసుడు ఉంటుంది. బల్ల మీద పడుకున్న ఆటగాడు దాన్ని చూడలేక తల పక్కకు తిప్పుకున్నాడు. అటువైపు బట్టతల మేనేజరు తలుపుకు ఆనుకుని ఆపిల్ కొరుక్కుంటున్నాడు. ఇంకొకడి ఒంట్లోంచి తీసిన నీళ్లు ఎదురుగా పెట్టుకుని పండు తినాలంటే ఎంత గట్టి కడుపు ఉండాలో!

"గురువారానికి వాపు కనపడకూడదు," అన్నాడు మేనేజరు నములుతూనే. "నిన్ను తీసుకునే జట్టు డాక్టరు పదకొండింటికి వస్తుంది. సాయంత్రం ఐదింటితో ఆటగాళ్లు జట్టు మారే గడువు అయిపోతుంది. మధ్యలో ఏదైనా తేడా వస్తే సర్దుకోడానికి టైం లేదు."

ఆ మాటలు ఆటగాడి ముఖం చూసి చెప్పలేదు, మోకాలిని చూసి చెప్పాడు. రెండు నెలలుగా ఈ గదిలో అందరిదీ అదే అలవాటు. "ఎలా ఉన్నావు?" అని అడుగుతూ కిందికి చూస్తారు.

జట్టులో అతన్ని గోడ అంటారు. తొమ్మిదేళ్ల కిందట ఈ పరాయి దేశం వచ్చి ఆడటం మొదలుపెట్టిన కొత్తలో ఎవరో పెట్టిన పేరు, గోల్ ముందు నిలబడితే బంతి దాటిపోదని. ఇప్పుడతనికి ముప్ఫై రెండు. ఎడమ మోకాలిలో ఎముకల మధ్య ఉండే మెత్తటి పొర చిరిగింది. కోసి సరిచేయాలి, ఆపైన తొమ్మిది నెలలు బంతి ముట్టకూడదు. ఆ మాట చెప్పింది కూడా ఈ డాక్టరే, ఇదే గదిలో, తలుపు వేసి. కాగితం మీద మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. రెండు నెలల్లో నాలుగుసార్లు నీరు తీసి, నాలుగుసార్లూ పుస్తకంలో 'కండరాల అలసట' అని రాశాడు. ఒప్పందంలో ఇంకా ఏడాది ఉంది. ఒప్పందం ఉన్నన్నాళ్లూ తగిలిన దెబ్బకు వైద్యం చేయించాల్సింది జట్టే. అందుకే ఆ దెబ్బను ఎవరూ రాయరు. రాయని దెబ్బ తగలనట్టే.

"ఆపరేషన్ చేయించి, తొమ్మిది నెలలు కూర్చోబెట్టి మేపడానికి ఇదేమన్నా సత్రమా?" అని మేనేజరు అప్పట్లోనే అన్నాడు. ఆ తర్వాత రెండు వారాలకు పక్క ఊరి జట్టు గోడను అడిగిందని కబురు వచ్చింది. లీగ్ పట్టికలో అడుగున ఉన్న జట్టు అది.

మేనేజరు తినగా మిగిలిన ఆపిల్ గింజల ముక్కను నేరుగా ఆ స్టీలు పళ్లెంలో పడేసి వెళ్లిపోయాడు. గోడ లేచి ప్యాంటు తొడుక్కున్నాడు.

వైద్యం గది పై అంతస్తులో ఉంది. మైదానంలోకి దిగడానికి బయట పదిహేడు ఇనప మెట్లు. మిగతా ఆటగాళ్లు ఆ మెట్లను రెండేసి చొప్పున దూకుతూ దిగుతారు. అతను అటు వెళ్లలేదు. వెనక వైపు, బట్టల బండి దొర్లించడానికి వేసిన వాలు దారి ఉంది. అక్కడ ఉతికే ఆవిడ తడి జెర్సీలు బండికెత్తుతుంటే, "ఇటివ్వమ్మా, నేను తోస్తాను" అని బండి కడ్డీ పట్టుకున్నాడు. ఆవిడ మురిసిపోయింది. ఈ మధ్య ఈ అబ్బాయికి ఎంత వినయం వచ్చిందని అందరితో చెబుతోంది. బండి కడ్డీ మీద బరువంతా వేసి అతను ఆ వాలు దిగుతున్న సంగతి ఆవిడకు తెలియదు. ఆవిడ మెప్పు వింటుంటే అతనికి ఒళ్లు కంపరమెత్తింది.

ఇంటికి చేరేసరికి బావమరిది ముందే వచ్చి కూర్చున్నాడు. భార్యకు తమ్ముడు, తనకు ఏజెంటు. సోఫా మీద కొత్త జట్టు జెర్సీ పరిచి పెట్టాడు, ఫోటోకి పనికొస్తుందని. అతని అక్క, గోడ భార్య, కిటికీ దగ్గర కుట్టు మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు కుడుతోంది. చుట్టుపక్కల నాలుగు వీధుల బట్టలు ఆమె దగ్గరికే వస్తాయి. మెడలో కొలత టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది.

"రా బావా, కూర్చో. కాలు ఎత్తుగా పెట్టుకో. నీ కాలు ఇప్పుడు నీది కాదు, నాలుగు కుటుంబాలది," అన్నాడు బావమరిది నవ్వుతూ.

"ఆ నాలుగూ ఎవరెవరివో చెప్పరా," అంది అక్క, మిషను ఆపకుండా.

"అబ్బా అక్కా, మాట వరసకి అన్నాను." సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "ఇది చూడు బావా. పరీక్ష అంతా డాక్టరు పని. టిక్కులు ఆవిడే పెట్టుకుంటుంది. ఆఖరి పేజీలో ఒక్క వాక్యం మాత్రం నువ్వే రాయాలి, నీ చేత్తో. అచ్చు వేసినదాని మీద సంతకం పెడితే, నేను చదవలేదు అని తర్వాత పేచీ పెడతారని ఈ పద్ధతి. 'నా శరీరంలో ఏ కీలులోనూ నొప్పి గానీ, పాత దెబ్బ గానీ లేదు.' అంతే. ఇదిగో, నమూనా రాసి తెచ్చాను. నాలుగుసార్లు రాసి చూసుకో, అక్కడ చెయ్యి వణకకూడదు."

మిషను ఆగింది.

"ఆయన అలా రాసిచ్చాక, ఆడుతుండగా మోకాలు పోతే కోయించేదెవరు?"

"శుభం పలకవే అంటే..."

"శుభమే పలుకుతాను. ఎవరు కోయిస్తారో చెప్పు."

బావమరిది జెర్సీ మడతలు సవరించాడు. "అంతవరకూ ఎందుకు పోతుందక్కా? పదకొండు మ్యాచ్‌లే. ఇంజెక్షన్లు ఉన్నాయి, పట్టీలు ఉన్నాయి. సీజను అయ్యాక చూసుకుందాం. ఇది కాదంటే ఏముంది? ఇక్కడ వీళ్లు ఆడించరు, కోయించరు. ఏడాది మూల కూర్చోబెట్టి పంపేస్తారు. ముప్ఫై మూడేళ్ల కుంటివాణ్ణి ఎవరు తీసుకుంటారు? జట్టు లేకపోతే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం కూడా ఉండదు. నేను ఆలోచించకుండానే చేస్తున్నానా?"

ఆమె లేచి వచ్చి భర్త ముందు నేల మీద కూర్చుంది. ప్యాంటు పైకి మడిచి, మెడలోని టేపు తీసి కుడి తొడకు చుట్టింది. "ఇరవై మూడు." ఎడమ తొడకు చుట్టింది. "ఇరవై ఒకటి. రెండంగుళాలు కరిగిపోయిందిరా. నేను బట్టలు కుట్టేదాన్ని, నాకే తెలుస్తోంది. ఆవిడ డాక్టరు, ఆవిడకు తెలియదా?"

"నీ టేపు మూల పడెయ్యక్కా. ఆవిడ సంగతి ఆవిడ చూసుకుంటుంది."

దాయాది చావు కోరితే బావమరిది బతుకు కోరతాడని పెద్దవాళ్ల మాట. ఈ బావమరిది కోరుతున్న బతుకు ఎవరిదో తేలడం లేదు. గోడ ఆ నమూనా కాగితం తీసుకుని చదివాడు. ఈ దేశం భాష అతనికి బాగానే వచ్చు. కీలు, నొప్పి, దెబ్బ, ఇవన్నీ వచ్చిన మొదటి నెలలోనే నేర్చుకున్న మాటలు. ఆటగాడికి అన్నిటికంటే ముందు కావాల్సినవి అవే.

"రాస్తాను," అన్నాడు చివరికి.

తమ్ముడు వెళ్లాక ఆమె టేపు మళ్లీ మెడలో వేసుకుంది. తర్వాత తనే నవ్వింది, అదీ మంచి నవ్వు కాదు. "బోడిగుండుకీ మోకాలికీ ముడి ఉండదంటారు. మీ మేనేజరు గుండుకీ మీ మోకాలికీ బ్రహ్మాండంగా పడిందండీ ముడి."

అతను ఆ మాటకు నవ్వాలి. నవ్వు రాలేదు. సోఫా మీద కొత్త జెర్సీ చేతులు చాపుకుని పడుకుని ఉంది. దాన్ని తీసి ఎక్కడైనా పెట్టాలని కూడా ఇద్దరికీ అనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే అతను మూడో అంతస్తులోని ఇంటి నుంచి దిగుతుంటే ఆమె ఎప్పటిలాగే మెట్ల పైన నిలబడింది. ముందుకు దిగితే మోకాలిలో కత్తి పెట్టి తిప్పినట్టుంటుంది. వెనక్కి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని, ముందు ఎడమ కాలు, తర్వాత కుడి కాలు దించితే నొప్పి సగానికి తగ్గుతుంది. రెండు నెలలుగా ఇంట్లో దిగడం ఇలాగే. వేరే వాటాల వాళ్ల తలుపు చప్పుడైతే చాలు, ఆగిపోయి చెప్పుల పట్టీ బిగించుకుంటున్నట్టు నటిస్తాడు.

"తొమ్మిదేళ్ల కాపురంలో ఇంతసేపు నా ముఖం చూసింది ఈ రెండు నెలలే," అంది ఆమె పైనుంచి. "వెనక్కి దిగేవాడికి అదొక సుఖం. పైన ఎవరు నిలబడ్డారో కనిపిస్తూనే ఉంటుంది."

వైద్యం గదిలో మాలిష్ చేసే తాత ఐసు బకెట్లతో సిద్ధంగా ఉన్నాడు. ఆ జట్టులో ముప్ఫై ఏళ్లుగా ఉన్నది అతనొక్కడే. కోచ్‌లు మారారు, మేనేజర్లు మారారు, తాత బొటనవేళ్లు మాత్రం పిక్కలు నొక్కి నొక్కి వెనక్కి వంగిపోయాయి. పల్చటి తువ్వాలులో ఐసు ముక్కలు మూటకట్టి మోకాలికి చుట్టాడు. ఇరవై నిమిషాలు ఉంచాలి, ఇరవై నిమిషాలు తీయాలి. తీసినప్పుడల్లా పిక్క నుంచి తొడ వైపు అరచేత్తో తోస్తాడు, వాపు నీరు పైకి పోవాలని. మాటలు తక్కువ.

మూడోసారి ఐసు పెట్టి చేతులు తుడుచుకుంటుండగా తాత ఫోను మోగింది. తడి వేళ్లతో పట్టుకోలేక బల్ల మీదే పెట్టి గట్టిగా వినపడేలా నొక్కాడు.

"తాతా, మళ్లీ బిగుసుకుపోయింది," అంది అవతలి గొంతు. "చన్నీళ్లా, వేన్నీళ్లా? ప్రతిసారీ మర్చిపోతాను."

"పొద్దున వేన్నీళ్లు. నడిచి వచ్చాక చన్నీళ్లు. మెట్లు ఎక్కుతున్నావా?"

"లేదు. కింది వాటాకి మారాం. బజారుదాకా కర్రతో పోతున్నా. ఆ మధ్య కర్ర లేకుండా పోయాను తాతా, పాలు పోసే దుకాణందాకా."

"మంచిది నాయనా. కర్ర వదలకు."

ఫోను పెట్టేశాక తాత మూట సర్దాడు. "నీకంటే ముందు నీ అరలో బట్టలు పెట్టుకున్నవాడు," అన్నాడు. "కుడి మోకాలు. వాడికీ ఈ బల్ల మీదే ఐసు పెట్టాను. వాడూ ఆ వాక్యం రాశాడు. నాలుగో మ్యాచ్‌లో చప్పుడు వినపడిందట, గ్యాలరీ వాళ్లకి కూడా. కొత్తవాళ్లేమో, నొప్పి లేదని నువ్వే రాశావు కదా అన్నారు. వీళ్లేమో, నువ్విప్పుడు మావాడివి కాదన్నారు."

"అతను ఏమీ చేయలేదా?"

"ఏం చేస్తాడు? రాసింది వాడే. అబద్ధం ఆడింది కాగితం మీద వాడొక్కడే. మిగతా అందరం నిజాయితీపరులం." తాత తువ్వాలు బకెట్లో ముంచి గట్టిగా పిండాడు. "పదేళ్లయింది. చన్నీళ్లా వేన్నీళ్లా అని ఇప్పటికీ నన్నే అడుగుతాడు. ఛీ, ఏం బతుకు ఇది!"

వాడిదా, తనదా అన్నది తాత చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం మందుల బీరువా పక్కన కూర్చుని గోడ ఆ వాక్యం రాయడం నేర్చుకున్నాడు. ఇంపోజిషన్ రాసే బడిపిల్లాడిలా ఒకటి, రెండు, పది, ఇరవై సార్లు. చెయ్యి నిజంగానే వణకడం మానేసింది. అబద్ధానికి కూడా సాధన చేస్తే చెయ్యి తిరుగుతుంది. రేపు రాబోయే ఆ డాక్టరు ఎవరో, ఆవిడ తనను నమ్మి కాగితాల మీద సంతకం పెడుతుంది, తను ఆవిడను మోసం చేస్తాడు. మైదానంలో ఎవరి కాలైనా తొక్కితే ఆట ఆపి చెయ్యి అందించి లేపే మనిషి తను. రెండు రోజులుగా అతన్ని తినేస్తున్న బాధ ముఖ్యంగా ఇదే. ఎవరో పాపం మోసపోతున్నారని.

గురువారం పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా ఎడమ మోకాలు ఐసులోనే ఉంది. చివరికి ఆ కాలు తనది కానంత మొద్దుబారింది. వాపు నిజంగానే దిగింది. కొత్తవాళ్లు చూస్తే రెండు మోకాళ్లూ ఒకేలా ఉన్నాయని అనుకుంటారు.

"ఆ రెండోదానికి కూడా కాస్త పెట్టు తాతా," అన్నాడు. "రెండూ ఒకేలా ఉంటాయి కదా."

"దానికేం రోగం?" అంటూ తాత మిగిలిన ఐసంతా సింకులో కుమ్మరించేశాడు. కుళాయి తిప్పి అది కరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

పదకొండుకు ఐదు నిమిషాలు ముందే డాక్టరమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, తడిసిన గొడుగు. ఆమె వెనక మేనేజరు, బావమరిది, జట్టు డాక్టరు. అందరూ పెళ్లివారిలా చిరునవ్వులతో లోపలికి వచ్చారు. ఆమె సంచిలోంచి రెండు ఫారాల కట్టలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి వాడటానికి, ఒకటి పాడైతే ఉంటుందని. ఒక్కొక్కటి మూడు కాపీలు. పైన రాస్తే కింద రెండింటి మీదా పడుతుంది. తెల్లది వాళ్లకు, నీలంది ఈ జట్టుకు, అడుగున పసుపుపచ్చది ఆటగాడికి.

గోడ ఆఖరి పేజీ చూశాడు. అతను రాయాల్సిన ఖాళీ గీతల కింద ఆమె సంతకం అప్పటికే ఉంది. గుండ్రటి ముద్ర ఉంది. ఈ రోజు తేదీ ఉంది. మూడు కాపీల మీదా విడివిడిగా వేసి తెచ్చుకుంది.

"సాయంత్రం లోపల ఇంకా ఇద్దరిని చూడాలి," అంది ఆమె, అతని చూపు గమనించి. "ఇంటి దగ్గరే వేసి తెచ్చుకుంటే పని తేలిక."

సిరా ఎప్పుడో ఆరిపోయింది. అతని మోకాలు ఆమె ఇంకా చూడనే లేదు.

గుండె చప్పుడు విన్నది. కళ్లలోకి లైటు వేసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని రెండు అరచేతులూ రెండు మోకాళ్ల మీద ఒకేసారి పెట్టింది. అక్కడ ఆగిపోయింది.

ఆమె చేతులు కదల్లేదు. ఒక చేతి కింద వెచ్చటి మనిషి ఒళ్లు, ఇంకో చేతి కింద ఐసుగడ్డ. చదువు రానివాడికైనా తెలిసిపోతుంది. మేనేజరు బట్టతల మీద చెమట మెరిసింది. బావమరిది ఫోనులో ఏదో వెతుకుతున్నాడు. సింకు దగ్గర తాత మాత్రం అటు తిరిగి పొడి తువ్వాలునే మళ్లీ పిండుతున్నాడు. రెండోదానికి ఎందుకు పెట్టలేదో గోడకు అప్పుడు అర్థమైంది. ముసలివాడికి చాతనైంది అంతే. ఆ ఒక్క మోకాలు వెచ్చగా వదిలేశాడు.

దొరికిపోయాం అనుకున్నాడు గోడ. అనుకోగానే గుండెల మీద బరువు దిగినట్టయింది. హమ్మయ్య, ఈవిడ అడుగుతుంది, చెప్పేస్తాను.

ఆమె ముందుకు వంగింది. తల ఎత్తకుండా, అతనికి మాత్రమే వినపడేలా చెప్పింది.

"ఇంకోసారి రెండింటికీ ఐసు పెట్టమను."

తర్వాత టేపు తీసి కుడి తొడ కొలిచింది. ఎడమ తొడ కొలిచింది. అతనూ వంగి టేపు మీద అంకె చూశాడు. ఇంట్లో చూసిన అంకెలే. ఆమె రెండు గడుల్లోనూ ఇరవై మూడు అని రాసింది.

"ఇప్పుడు పూర్తిగా కిందికి కూర్చుని లేవాలి," అన్నాడు జట్టు డాక్టరు, ఫారం చదువుతూ, నోరు జారి. మేనేజరు అతని వంక కొరకొరా చూశాడు.

"అక్కర్లేదు," అంది డాక్టరమ్మ. ఆ గడిలో కూడా టిక్కు పెట్టింది.

రెండు రోజులు గోడ పడ్డ సిగ్గంతా ఎవరి కోసం? మోసపోయేవాళ్లు ఎవరున్నారు ఈ గదిలో? అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలుసు, మధ్యవాడికి తెలుసు. దొందూ దొందే. తెలియనట్టు నటించాల్సిన నాటకంలో నిజంగా తెలియనివాడు తనొక్కడే. దొంగతనానికి తోడొచ్చాననుకున్నాడు. తీరా చూస్తే మూటలో ఉన్నది తనే.

"ఒక మాట అడగొచ్చా డాక్టరమ్మా?"

"అడుగు."

"ఆడుతుండగా ఈ మోకాలు పోతే?"

ఆమె ఆఖరి పేజీ తిప్పి అతని ముందుకు జరిపింది. కసురుకోలేదు, కంగారు పడలేదు. "మాకు పదకొండు మ్యాచ్‌లు కావాలి, జట్టు కింది లీగ్‌కు జారిపోకుండా. ఆ తర్వాతకి ఈ కాగితం ఉందిగా. రాయి."

బావమరిది గబగబా వచ్చి పెన్ను చేతికిచ్చాడు. "రాయి బావా. నేర్చుకున్నావుగా."

అతను బల్ల అంచున కూర్చుని రాశాడు. చెయ్యి వణకలేదు. కింద రెండు కాపీల మీదా పడాలని గట్టిగా అదిమి రాశాడు. రాయడం అయ్యాక సంతకం పెట్టి, అడుగునున్న పసుపుపచ్చ కాగితం చించి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. అప్పుడు మిగతాది డాక్టరమ్మ ముందుకు తోశాడు.

ఆమె చదివింది. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చదివింది.

'నా ఎడమ మోకాలు రెండు నెలలుగా చిరిగి ఉంది. ఈ జట్టులో ఆడుతుండగా చిరిగింది. దానిలోంచి నాలుగుసార్లు నీరు తీశారు. ఈ ఉదయం రెండున్నర గంటలు ఐసు పెట్టారు.'

"రాయడంలో పొరపాటు పడ్డావు," అంది నిదానంగా. రెండో కట్ట తీసి పెట్టింది. "ఇందులో సరిగ్గా రాయి."

అతను రెండోదాంట్లోనూ అదే రాశాడు. ఈసారి 'నాలుగుసార్లు' అన్న మాట కింద గీత కూడా గీశాడు. దాని పసుపుపచ్చ కాగితమూ చించుకున్నాడు. "ఇంకెన్ని ఉన్నాయి మీ దగ్గర?" అని అడిగాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

మేనేజరు ముందుకు దూకాడు. "ఏం ఆటలాడుతున్నావు? ఆ కాగితం ఇటివ్వు!"

"ఇది ఆటగాడి కాపీ సార్. నాదే."

"అదొక చిత్తుకాగితం. ఎవరు నమ్ముతారు?"

"ముద్ర ఉంది," అన్నాడతను. "సంతకం ఉంది. తేదీ ఉంది. ఈ తేదీకి నేను మీ ఆటగాణ్ణి."

ఆ మాటకు మేనేజరు డాక్టరమ్మ వంక చూశాడు. డాక్టరమ్మ తన ముద్ర వంక చూసుకుంది. పొద్దున్నే ఇంటి దగ్గర కూర్చుని, బహుశా కాఫీ తాగుతూ, పని తేలికని తనే కొట్టిన ముద్ర. చదివాక కొట్టాల్సినది ముందే కొట్టింది. ఇప్పుడు ఆ గుండ్రటి గీత పైన ఉన్నదంతా ఆమె చూసి ఒప్పుకున్నట్టే. ఆమె ముఖం తేలు కుట్టిన దొంగ ముఖంలా అయింది. మిగిలిన కాగితాలు సంచిలో కుక్కుకుని గొడుగు కోసం చుట్టూ వెతికింది. గొడుగు ఆమె చేతిలోనే ఉంది.

"బావా, నీకేమన్నా పిచ్చా?" బావమరిది గొంతు కీచుమంది. "నా పరువేం కావాలి? అక్కకి ఏం చెబుతావు?"

"మీ అక్క టేపు తీసి కొలిచినప్పుడే చెప్పింది. మనమే వినలేదు."

"వీళ్లు నిన్ను ఆడనివ్వరు. ఇక్కడ నీ ముఖం చూసేవాడుండడు."

"ఆడలేను కూడా. ముందు కోయించాలి." మేనేజరు వైపు తిరిగాడు. ఈ రెండు నెలల్లో మొదటిసారి మేనేజరు చూపు అతని మోకాలి మీద కాక ముఖం మీద ఉంది. "ఎప్పుడు కోయిస్తారో రాతలో చెప్పండి సార్. మీ పుస్తకంలో కండరాల అలసట అని ఉంది, అది కూడా దిద్దండి."

తనకు కోపం వస్తుందనుకున్నాడు గోడ, కానీ రాలేదు. రోత ఒక్కటే మిగిలింది. ఆ గదిలో వాసన, ఆ స్టీలు పళ్లెం, ఆ నున్నటి గుండు, ఇరవై సార్లు అబద్ధం రాసి సాధన చేసిన తన చెయ్యి, అన్నిటి మీదా. చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. రేపు ఏమవుతుందో అతనికి తెలియదు. వచ్చే ఏడాదికి ఈ దేశంలో ఉంటాడో లేదో కూడా తెలియదు. జేబులో మాత్రం రెండు పసుపుపచ్చ కాగితాలు ఉన్నాయి.

తాత వెళ్లి తలుపు తీశాడు. బట్టల బండి ఉండే వెనక తలుపు కాదు, మెట్ల వైపు తలుపు. వాన వెలిసింది. కింద మైదానంలో జట్టంతా పరుగులు తీస్తోంది. కోచ్ ఈల ఊదుతున్నాడు.

"వాలు దారిన పోతావా నాయనా?" అని అడిగాడు తాత.

"వద్దు."

అతను మొదటి మెట్టు దగ్గర ఆగాడు. తడిసిన రెయిలింగ్ పట్టుకున్నాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు. ముందు ఎడమ కాలు, తర్వాత కుడి కాలు. కింద పరుగులు ఆగిపోవడం, ఒకరి తర్వాత ఒకరు బూట్ల చప్పుడు నిలిచిపోవడం వీపుకు తెలుస్తూనే ఉంది. గోడ వెనక్కి దిగుతున్నాడన్న సంగతి సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. పాకనీ. రెండో మెట్టు. మూడో మెట్టు. పైన తలుపులో నలుగురూ నిలబడి ఉన్నారు, మేనేజరు, జట్టు డాక్టరు, గొడుగు పట్టుకున్న డాక్టరమ్మ, వాళ్ల వెనక మెడ చాపి బావమరిది. ఇంట్లో భార్య చెప్పింది నిజమే. ఒక్కొక్కరి ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. అతను తొందరపడలేదు. ఒక్కో మెట్టు మీద నిలబడి, ఊపిరి తీసుకుని, మళ్లీ పైకి చూసి అప్పుడు దిగాడు.

ఎనిమిదో మెట్టు దగ్గర జట్టు డాక్టరు తల దించుకున్నాడు. పదకొండో మెట్టుకు డాక్టరమ్మ పక్కకు తప్పుకుంది. అతను పదమూడో మెట్టు మీద ఉండగా, పైన ఎవరో తలుపు వేసేశారు.